లాంపు చేతికొచ్చాకే సంతకం

ఆ ఎండాకాలం నాకు ఒకేసారి పది సున్నాలు వచ్చాయి. పది ప్రశ్నలకు పది జవాబులు రాస్తే పదింటికీ సున్నాలే. లెక్కల్లో నా ముందు ఎవరూ నిలవరని మా కాలనీ అంతా చెప్పుకునే సృజనకు, అంటే నాకు, పొరపాటున కూడా ఒక్క మార్కు పడలేదు. తప్పు నాది కాదనీ, ఆ పరీక్ష దిద్దిన కంప్యూటరుకే బుద్ధి లేదనీ మూడు రోజులు గట్టిగా నమ్మాను. నమ్మడంలో కూడా నాకు నేనే సాటి.

మాది మందమర్రి. బొగ్గు గనిని మేం బాయి అంటాం. బాయి పనివాళ్ళ క్వార్టర్లలో చివరి వరసలో మా ఇల్లు. డిగ్రీ రెండో ఏడు పరీక్షలు అయిపోయాయి. మంచిర్యాలలో ఒక శిక్షణ కేంద్రం వాళ్ళు ఏప్రిల్ నుంచి జూన్ దాకా ప్రోగ్రామింగ్ నేర్పుతామనీ, చివరి పరీక్షలో ముందు నిలిచిన పన్నెండుమందికి కరీంనగర్‌లోని ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసులో ఉద్యోగమనీ ప్రకటించారు. నలభైమందిమి చేరాం. రోజూ పొద్దున బస్సెక్కి పోవడం, మధ్యాహ్నం ఎండలో మాడిపోయి ఇంటికి రావడం. పన్నెండులో ఒకదాన్ని కాకపోతే ఏమవుతానో కూడా అప్పటికే తేలిపోయింది. కరీంనగర్‌లో మా లింగమూర్తి మామకు బట్టల షోరూం ఉంది. అందులో చీరల కౌంటరు నా కోసం కాచుకుని కూర్చుంది.

మామ ఏప్రిల్లోనే వచ్చి చెప్పిపోయాడు. "డిగ్రీ సదివిన పిల్ల, గలగల మాట్లాడుతది. నాకు గసొంటి పిల్లనే కావాలె అక్కా. మిరుగం దాక ఆగుత. అటెన్క ఇంకోళ్ళను పెట్టుకుంట."

మిరుగం అంటే మృగశిర కార్తె మొదలయ్యే రోజు, జూన్ మొదటి వారం దాటగానే వస్తుంది. మా అవ్వ, అంటే మా అమ్మ, బాలలక్ష్మికి ఆ మాట చెవిలో తేనె పోసినట్టు అయింది.

"చేతిల వెన్న పెట్టుకొని నెయ్యి కోసం ఊరంత తిరిగినట్టున్నది నీ యవ్వారం," అని నన్ను రోజుకొకసారైనా దెప్పేది. "మీ మామ కొట్టుల చల్లగ ఫ్యాను కింద నిలవడి చీరలు సూపెట్టుకోరాదు? గీ ఎండలవడి మంచిర్యాల దాక పోయి ఆ డబ్బాల ఏం సూస్తవో ఏమో!"

"పరీక్ష కానియ్యే," అనేవాడు మా బాపు హనుమండ్లు. అంతకుమించి ఎప్పుడూ ఏమీ అనడు. మాటల్లో అంత పొదుపరి.

సరే, పది సున్నాల సంగతి చెబుతాను. మే నెల మూడో వారం దాటాక మాకు ఫంక్షన్ల మీద పరీక్ష పెట్టారు. ఫంక్షన్ అంటే ఒక పేరు పెట్టి, ఒక పని అప్పగించిన చిన్న ప్రోగ్రాం. దాన్ని పేరు పెట్టి పిలిచి, కావలసినవి ఇస్తే, అది పని చేసి జవాబు తిరిగి ఇవ్వాలి. రెండు అంకెల్లో పెద్దది చెప్పు, ఈ మార్కుల సగటు చెప్పు, ఇట్లాంటివి పది అడిగారు. నేను అందరికంటే ముందు ముగించి, నలభైమందినీ కలయజూసి లేచాను. మర్నాడు ఫలితం కాగితం చేతికి వచ్చింది. ప్రతి ప్రశ్న ఎదురుగా 'నన్' అని ఒక్క మాట ఉంది, అంటే ఏమీ రాలేదని. పది నన్‌లు, వాటి పక్కన పది సున్నాలు.

ఆ కాగితం పట్టుకుని ఓంప్రకాశ్ సార్ మీదికి దండయాత్రకు పోయాను. నా ప్రోగ్రాం తెరిచి, నడిపించి చూపించాను.

"సార్, జర సూడుండ్రి. జవాబు తెర మీద కనవడుతనే ఉన్నది గదా? తొంభై అని సాఫ్ గ కనవడుతుంది. మల్ల సున్న ఎందుకు వచ్చింది?"

సార్ నెమ్మదస్తుడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "కనవడుతుందమ్మా. నీకు కనవడుతుంది, నాకు కనవడుతుంది. కని నీ ఫంక్షన్‌ను పిలిచిన ప్రోగ్రాంకు కండ్లు లేవు. దానికి జవాబు ఇయ్యాలె. నువ్వు అన్నిట్ల ప్రింట్ రాసినవ్. రిటర్న్ ఒక్కదాంట్ల గూడ రాయలే."

ప్రింట్ అని రాస్తే జవాబు తెర మీద కనిపిస్తుంది, అంతే. రిటర్న్ అని రాస్తేనే అది పిలిచినవాళ్ళకు ముడుతుంది. ఈ సంగతి సార్ మొదటి వారంలోనే చెప్పాడు, నేను నోటుబుక్కులో రెండు గీతలు కొట్టి మరీ రాసుకున్నాను. రాసుకున్నది బుక్కులో ఉంది కానీ బుర్రకు ఎక్కలేదు. ఎక్కకపోగా నాకు ఒళ్ళు మండింది. జవాబు సరైనదే. లోకమంతా చూస్తున్నదే. అయినా లేదంటే ఎట్లా?

"ఇంతమందికి కనవడేదాన్ని రాలేదంటే ఎట్ల సార్?" అని గొణుక్కుంటూ వచ్చేశాను. ఇంట్లో మాత్రం నోరు విప్పలేదు. అవ్వకు తెలిస్తే ఆ సాయంత్రమే మామకు ఫోను పోతుంది.

ఇక మా బాపు పని గురించి చెప్పాలి. చెప్పడానికి ఇప్పుడు నాకు ఛాతీ రెండంగుళాలు పెరుగుతుంది కానీ, అప్పుడు మాత్రం నోరు రాకపోయేది. పదిహేనేళ్ళ కిందట బాయిలో కప్పు కూలి బాపు ఎడమ పాదం నలిగింది. అప్పటినుంచి పైనే, లాంపు రూంలో పని. కిందికి దిగే ప్రతి మనిషీ తన నంబరు చెక్కిన ఇత్తడి బిళ్ళను కిటికీలోంచి బాపుకు ఇస్తాడు. బాపు ఆ బిళ్ళను గోడమీది మేకుకు తగిలించి, టోపీకి పెట్టుకునే లాంపు ఇస్తాడు. పైకి వచ్చి లాంపు ఇచ్చేస్తే బిళ్ళ తిరిగి ఇస్తాడు. షిఫ్టు ముగిశాక రిజిస్టరు నింపి సంతకం పెడతాడు. అంతే పని. మా కాలనీలో బొగ్గు కొట్టేవాళ్ళు, మందు పేల్చేవాళ్ళు, యంత్రాలు నడిపేవాళ్ళు ఉంటే మా బాపును 'లాంపుల హనుమండ్లు' అనేవాళ్ళు. బళ్ళో, కాలేజీలో తండ్రి వృత్తి అని ఉన్నచోట నేను ఎప్పుడూ బొగ్గు గని కార్మికుడు అని రాసి ఊరుకునేదాన్ని. లాంపు రూం అని ఒక్క ఏడు కూడా రాయలేదు.

సున్నాలు వచ్చిన మూడో రోజు నేను మంచిర్యాల నుంచి ఇల్లు చేరేసరికి రెండు దాటింది. అవ్వ గుమ్మంలోనే కళ్ళజోడు నా చేతిలో పెట్టింది.

"మీ బాపు అద్దాలు ఇడిసిపెట్టి పోయిండు. మొదటి షిఫ్టు దిగే టైమయితుంది. రిజిష్టర్ ఎట్ల రాస్తడు? ఉరుకు."

రోహిణి కార్తెకు రోళ్ళు పగులుతాయంటారు. ఆ రోజు నా మాడు పగలలేదంటే నా అదృష్టం. నేను పోయేసరికి బాయి మీద షిఫ్టు మారే సందడి ఉంది. మొదటి షిఫ్టు మనుషులు నల్లగా పైకి వచ్చి, లాంపులు ఇచ్చి, బిళ్ళలు తీసుకుని స్నానాలకు పోతున్నారు. రెండో షిఫ్టువాళ్ళు టిఫిన్లు పట్టుకుని నీడకు నిలబడ్డారు. నేను కిటికీలోంచి అద్దాలు ఇచ్చి పక్కనే వేపచెట్టు కింద ఆగాను. కాసేపటికి కిటికీ ముందు జనం పలచబడ్డారు. బాపు అద్దాలు పెట్టుకుని గోడ వైపు తిరిగాడు. అన్ని మేకులూ ఖాళీ. ఒక్కదానికి మాత్రం బిళ్ళ వేలాడుతోంది.

"రెండు వందల పద్దెనిమిది. సదానందం రాలే," అన్నాడు బాపు.

సదానందం మా వెనక వరస క్వార్టర్లో ఉంటాడు. అతని జట్టుకు సర్దార్, అంటే కింద పని చేయించే పెద్ద, గంగయ్య. ఆయన అప్పటికే స్నానం చేసి తల తుడుచుకుంటూ వచ్చాడు.

"వచ్చిండే హనుమండ్లన్నా. నేనే ఇరవై నిమిషాల ముందుగాల పైకి తోలిన. బిడ్డకు పెళ్ళిచూపులట, బెల్లంపల్లిల, బామ్మర్ది ఇంట్ల."

"నువ్వు తోలినవ్ గంగయ్యా, నేను కాదంట లేను. లాంపు నా చేతికి రాలే."

"నేను సూసిన్నే," అన్నాడు రెండో షిఫ్టు వెంకటేశ్. "గేటు దిక్కు ఉరుకుతుండె. గళ్ళ అంగీ."

"ముఖం సూసినవా?"

"ముఖం ఏడ సూస్త? ఈపు సూసిన."

గేటు ముందు చాయ్ కొట్టు ఆయన కూడా వచ్చాడు, ఆడమన్నా ఆడమనకపోయినా ఆటలో ఉండాలనే మనిషి. "నా కాడ్నే చాయ్ తాగిండు! ఇయ్యాల్నే!"

"ఎన్ని గంటలకు?"

"పొద్దుగాల, షిఫ్టుకు దిగేటప్పుడు," అన్నాడు చిన్నగా.

ఫోన్ చేశారు. బాయిలోకి ఫోన్లు తీసుకుపోరు కాబట్టి సదానందం ఫోను ఇంట్లో మోగుతోంది. ఇల్లు తాళం వేసి ఉంది. బెల్లంపల్లి బామ్మర్ది నంబరు ఎవరి దగ్గరా లేదు. రెండో షిఫ్టులో మందు పేల్చే పని ఉందట. మొదటి షిఫ్టులో ఒక్క మనిషి లెక్క తేలకపోయినా వాళ్ళను దింపరు. తేలిందని చెప్పాల్సింది లాంపు రూం సంతకం. నలభై అయిదు నిమిషాలు గడిచాయి. ఎండలో నిలబడ్డవాళ్ళకు చిరాకు మొదలైంది.

"ఇయ్యాల లాంపుల హనుమండ్లే మేనేజర్ అయ్యిండుర బయ్," అని ఎవరో అన్నారు. నలుగురు నవ్వారు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మొగుడు కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు ఏడ్చినట్టు ఉంది నా పని. పెట్టెయ్ బాపూ, ఒక్క సంతకమే కదా అని లోపల్లోపల మొత్తుకుంటున్నాను.

మేనేజరు సార్ వచ్చాడు. సంగతంతా విన్నాడు. "హనుమండ్లూ, అందరూ వచ్చాడనే అంటున్నారు కదా?"

బాపు లేచి నిలబడ్డాడు.

"అంటుండ్రు సార్. అబద్ధమని నేను అంట లేను. లాంపు నా చేతికి వస్తే సంతకం పెడ్త. రాకుంటె పెట్ట."

"ఇంతమంది సూసినమంటుంటె రాలేదంటవేందే?" అని గంగయ్య విసుక్కున్నాడు.

ఆ మాట ఎక్కడో విన్నట్టు అనిపించింది. ఎక్కడా అని వెతుక్కోనక్కర్లేదు. మూడు రోజుల కిందట ఓంప్రకాశ్ సార్ ముందు నిలబడి నేనే అన్నాను. నవ్వేవాళ్ళ వైపు నుంచి రెండడుగులు జరిగి, కిటికీ పక్కకు పోయి నిలబడ్డాను.

మేనేజరు సార్ గోడ మీది బిళ్ళ వైపు చూశాడు. ఆ తర్వాత గంగయ్య వైపు తిరిగి, "ముగ్గురిని తీసుకుని దిగి చూడండి," అన్నాడు. గంగయ్య, మరి ముగ్గురు బిళ్ళలు ఇచ్చి లాంపులు తీసుకుని దిగారు. ఇప్పుడు గోడ మీద అయిదు బిళ్ళలు. నవ్వులు ఆగిపోయాయి. మనుషులు దిగాక, పైన ఉన్నవాళ్ళకు ఒక్కొక్కరికీ అనుమానం పట్టుకుంది. వెంకటేశ్ అయితే, "గళ్ళ అంగీ ఇంకోళ్ళకు గూడ ఉంటది గదా," అని తనలో తానే అనుకోవడం నేను విన్నాను.

నాలుగున్నరకు గేటు ముందు బండి ఆగింది. తెల్ల అంగీ, నుదుట బొట్టుతో సదానందం! చేతిలో సంచి, సంచిలో టోపీ, టోపీకి లాంపు. తొందరలో టోపీ తీసి లాంపుతో సహా సంచిలో పడేసుకుని పోయాడు. బెల్లంపల్లిలో తువ్వాల కోసం సంచి తెరిస్తే అది కనబడింది. చూపులు మధ్యలో వదిలి వచ్చాడు పాపం.

"తప్పయ్యింది అన్నా," అని రెండు చేతులూ జోడించాడు. అంతలోనే, మనిషి కదా, రోషం వచ్చింది. "కని కిటికీ కాడ 'అన్నా, నేను వచ్చిన' అని ఒర్లిన గదనే! నువ్వు ఇనలేదా?"

"ఎవ్వరో ఒర్లింది ఇన్న," అన్నాడు బాపు. "వచ్చిన అన్నోడు వచ్చినట్టు గాదు సదానందం. లాంపు ఇచ్చినోడు వచ్చినట్టు."

లాంపు తీసుకుని బిళ్ళ ఇచ్చాడు. అందరూ ఒక్కసారిగా ఊపిరి పీల్చుకుని, నవ్వి, సదానందాన్ని తిట్టి, పిల్లకు సంబంధం కుదిరిందా లేదా అని అడగడం మొదలుపెట్టారు. బాపు మాత్రం ఇంకా సంతకం పెట్టలేదు. కిందికి కబురు పోయి, గంగయ్యవాళ్ళు నలుగురూ పైకి వచ్చి, నాలుగు లాంపులూ చేతికి వచ్చాక, అప్పుడు రిజిస్టరు తెరిచాడు. 'ఇంకా కింద ఉన్నవారు' అనే గడిలో గుండ్రంగా ఒక సున్న చుట్టి, సంతకం చేసి, పక్కన టైము వేశాడు.

"ఎవ్వరు లేరు గదా బాపు, గా గడి ఇడిసిపెట్టొచ్చు గదా?" అన్నాను కిటికీలోంచి.

"ఇడిసిపెడితే ఎవ్వరు లేరని కాదు బిడ్డా. ఎవ్వరు సూడలేదని."

పదిహేనేళ్ళుగా, షిఫ్టుకొకటి చొప్పున ఆయన ఎన్ని సున్నాలు చుట్టి ఉంటాడో! నాకు వచ్చిన పదీ వాటి ముందు ఏపాటి?

ఇంటికి నడిచి వచ్చేసరికి వార్త మాకంటే ముందే చేరింది. కాలనీలో కొళాయి దగ్గర అప్పటికే బాపుకు కొత్త పేరు పెట్టేశారు, 'చేతికిరాలే హనుమండ్లు' అని. అవ్వ చిందులు తొక్కుతుందనుకున్నాను. అవ్వ మాత్రం బాపుకు నీళ్ళు తోడి, బియ్యం కడగడానికి కూర్చుంది. నేనే ఆగలేక, "వాళ్ళు అట్ల నవ్వుతుంటే నీకు కోపం రాదా అవ్వా?" అని అడిగాను.

"నవ్వనియ్యి," అంది. చెయ్యి బియ్యంలోనే ఉంది. "నువ్వు గప్పుడు ఐదేండ్ల పిల్లవు. కప్పు కూలిన నాడు, హనుమండ్లు వచ్చిండు, మేం సూసినమని పైన ముగ్గురు చెప్పిండ్రట. నేను ఇంటికాడ నీళ్ళు కాగవెట్టుకొని కూసున్న, ఇగ వస్తడు అగ వస్తడు అని. లాంపు రూంల గప్పుడు రామచంద్రం తాత ఉండె. బిళ్ళ మేకుకే ఉన్నది, నేను సంతకం పెట్ట అన్నడట. గాయన పెట్టి ఉంటే..."

కడుగునీళ్ళు వంపింది. పాదం నలిగిందని తెలుసు. రాయి కింద ఉన్న మనిషిని పైన ఉన్నాడని ముగ్గురు సాక్ష్యం చెప్పారని మాత్రం ఆ రోజు దాకా నాకు ఎవరూ చెప్పలేదు. లాంపు రూం పని సిగ్గుపడే పని అనుకున్నందుకు నా మీద నాకే అసహ్యం వేసింది. ఆ వెంటనే, నా బాపు అని నిలువెల్లా గర్వం కూడా వేసింది. రెండూ ఒకేసారి వేయడం ఎట్లా ఉంటుందో అనుభవించినవాళ్ళకే తెలుసు.

అన్నం తినేటప్పుడు పది సున్నాల సంగతి బాపుకు చెప్పేశాను. అవ్వ వింటుండగానే చెప్పాను. ఫంక్షన్ అంటే ఏమిటో, ప్రింట్ ఏమిటో, రిటర్న్ ఏమిటో చేతులు తిప్పుతూ వివరించాను. బాపు అంతా విని, ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగాడు.

"అంటే నీ ఫంక్షన్ మన సదానందం లెక్కనన్నట్టు. కిటికీ కాడ ఒర్లిండు, లాంపు ఇయ్యలే."

"గంతే బాపు."

"పదిమంది సదానందాలు!" అన్నాడు. ఆ ఏడాది మొత్తంలో మా బాపు అంత గట్టిగా నవ్వడం నేను అప్పుడే చూశాను. అవ్వ కూడా నవ్వింది. మామకు ఫోను మాత్రం పోలేదు.

మర్నాడు నేను ఓంప్రకాశ్ సార్ దగ్గరికి పోయి, ఈసారి దండయాత్ర మానేసి, క్షమించమన్నాను. పది ఫంక్షన్లూ మళ్ళీ రాశాను. ప్రతి ఫంక్షన్ చివర ఆగి, లాంపు ఇచ్చిందా అని చూసుకున్నాను. అక్కడితో ఆగలేదు. ఒక ఫంక్షన్ ఇచ్చిన జవాబును ఇంకో ఫంక్షన్ అందుకుని, దానితో తన పని చేసి, మూడోదానికి అందించడం చూస్తుంటే నాకు పిచ్చి సంతోషం వేసింది. తెర మీద కేక వేసి ఊరుకుంటే ఇదంతా ఎట్లా జరుగుతుంది? చేతికి వచ్చినదాన్నే కదా ఇంకో చేతికి ఇవ్వగలం! కరెంటు పోతే కాగితం మీద రాశాను, బస్సులో సీటు దొరక్కపోతే నిలబడి నోటితో రాశాను. అవ్వ దెప్పడం మానలేదు కానీ, మధ్యాహ్నం నేను ఇల్లు చేరేసరికి మజ్జిగ చెంబు గుమ్మంలోనే ఉండేది.

చివరి పరీక్ష మిరుగానికి నాలుగు రోజుల ముందు జరిగింది. ఆఖరి ప్రశ్నకే సగం మార్కులు. ఒక లైబ్రరీ నుంచి బయటికి పోయిన పుస్తకాల నంబర్లు ఒక వరసగా ఇస్తారు. తిరిగి వచ్చిన నంబర్లు ఇంకో వరసగా ఇస్తారు. పోయినవాటిలో ఇంకా రాని మొదటి పుస్తకం నంబరు ఏదో ఫంక్షన్ చెప్పాలి. జవాబు ఎప్పుడూ ఒక అంకె అయి ఉండాలి. చదవగానే నాకు నవ్వు వచ్చింది. పుస్తకాలు అనే మాట తీసి లాంపులు అని పెట్టుకున్నాను, అంతా మా బాపు గోడే!

ఆరు వరసల్లో రాసేశాను. పోయిన నంబర్లను ఒక్కొక్కటే తీసుకుని, వచ్చినవాటిలో లేకపోతే ఆ నంబరును రిటర్న్ చేయాలి. మూడుసార్లు నడిపించి చూస్తే ప్రతిసారీ సరైన జవాబే. పక్కవాళ్ళు లేచి పోతున్నారు. నేనూ లేవబోయాను. అప్పుడు గోడ మీద మేకులన్నీ ఖాళీగా ఉన్న సాయంత్రం గుర్తుకొచ్చింది. పోయిన పుస్తకాలన్నీ తిరిగి వచ్చేస్తే? వెతకడం అయిపోతుంది, దొరికేది ఉండదు, నా ఫంక్షన్ ఏమీ ఇవ్వకుండానే ముగుస్తుంది. అడిగినవాళ్ళకు నన్ దక్కుతుంది. గడి ఖాళీగా వదిలేసినట్టే. మళ్ళీ కూర్చున్నాను. చివర ఇంకో వరస చేర్చాను, సున్నాను రిటర్న్ చెయ్యమని. అప్పుడు లేచాను. ఈసారి ఎవరినీ కలయజూడలేదు.

ఫలితం మిరుగం నాడు వచ్చింది. ఆ పూట చేపలు తినడం మా దిక్కు ఆనవాయితీ. అవ్వ పొద్దున్నే కొర్రమట్టలు తెప్పించి పులుసు పెడుతోంది. మధ్యాహ్నం లింగమూర్తి మామ ఫోన్ చేశాడు, ఏం ఆలోచించారని. అవ్వ నా వైపు చూసింది. "పరీక్ష సంగతి తెల్వనియ్యి తమ్మీ, సాయంత్రం చెప్త," అంది. మా అవ్వకు నోరు ఒక్కటే గట్టిది, మనసు మెత్తన.

మూడింటికి మంచిర్యాలలో ఓంప్రకాశ్ సార్ మమ్మల్నందరినీ గదిలో కూర్చోబెట్టాడు. "ఆఖరి ప్రశ్నకు మీకు చెప్పకుండ ఒక పరీక్ష పెట్టినం. పుస్తకాలన్ని తిరిగి వచ్చినట్టు ఇచ్చినం. నలభైమందిల ముప్పై ఆరుగురి ఫంక్షన్లు ఏం ఇయ్యలే. నలుగురియే సున్న ఇచ్చినయ్," అన్నాడు. ఆ నలుగురి పేర్లూ చదివాడు. మూడో పేరు నాది. పన్నెండుమంది పట్టీలో రెండో పేరూ నాదే.

"నీకు గది ఎట్ల తట్టిందమ్మా?" అని అడిగాడు సార్ తర్వాత.

"మా బాపు రోజూ రాస్తడు సార్," అన్నాను.

ఇంటికి వచ్చేసరికి బాపు షిఫ్టు దిగి, స్నానం చేసి అరుగు మీద కూర్చున్నాడు. చెప్పాను. అవ్వ కొంగుతో కళ్ళు ఒత్తుకుని, పులుసు మాడుతోందని లోపలికి పోయింది. పులుసు దించి చాలాసేపయిందని నాకు తెలుసు. బాపు మాత్రం ఒకే ప్రశ్న అడిగాడు.

"అన్ని వచ్చినయంటే సున్న రాసినవా?"

"రాసిన బాపు."

తల ఊపాడు. నా వీపు మీద చెయ్యి వేసి, తీయకుండా కాసేపు అట్లాగే ఉంచాడు. కాకి పిల్ల కాకికి ముద్దు అంటారు కదా, కాకి కూడా పిల్లకు ముద్దేనని ఆ సాయంత్రం నాకు తెలిసింది.

ఆఫీసువాళ్ళ ఫారం తెచ్చాను. కింద తండ్రి సంతకం కావాలి. బాపు అద్దాలు పెట్టుకుని, కలం పట్టుకుని, మొదటి గడి నుంచి వేలు పెట్టి చదవడం మొదలుపెట్టాడు. నా పేరు, పుట్టిన తేదీ, చదువు. వేలు ఒకచోట ఆగింది.

"గిది ఖాళీగున్నది బిడ్డా."

"నీ ముంగట రాద్దామని ఇడిసిపెట్టిన."

కలం తీసుకుని, తండ్రి వృత్తి ఎదురుగా పెద్ద అక్షరాలతో రాశాను, లాంపు రూం అని. బాపు చదివాడు. మళ్ళీ చదివాడు.

"గిట్ల రాస్తే ఆళ్ళకు సమజైతదా?"

"కాకుంటె నేను చెప్త."

"ఇగ ఖాళీలేం లేవు గదా?"

"లేవు బాపు."

అప్పుడు సంతకం పెట్టాడు. అలవాటు కొద్దీ దాని పక్కన టైము కూడా వేశాడు. సాయంత్రం అయిదూ పది.